మెయింటెనెన్స్ డ్యూటీ చేస్తూ ట్రేడ్ పరీక్షలకు చదవడం

ఐటీఐ ఫిట్టర్ పూర్తిచేసి, హుజూర్‌నగర్ ప్రాంతంలోని ఒక సిమెంటు ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా చేరిన తరువాతనే నేను పోటీ పరీక్షలకు చదవడం మొదలుపెట్టాను. ఉద్యోగం మానేసి కోచింగ్‌కు వెళ్లాలా అని ఆలోచిస్తున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను.

ట్రేడ్ (ఐటీఐలో నేర్చుకున్న వృత్తి) థియరీలో చాలా భాగం నాకు పనిలోనే వచ్చింది. 6205 బేరింగ్ అంటే చివరి రెండంకెలను ఐదుతో గుణించాలనీ, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లనీ ఒక సీనియర్ ఫిట్టర్ చెప్పారు. ఆ లెక్క 04 నుంచే వర్తిస్తుందనీ, 00, 01, 02, 03 లకు వరుసగా 10, 12, 15, 17 మిల్లీమీటర్లనీ స్టోర్స్‌లోని కేటలాగు చూశాక తెలిసింది. ప్రశ్న తయారుచేసేవారికి ఇలాంటి మినహాయింపులంటేనే మక్కువ. మోటారు నేమ్‌ప్లేటుపై 1440 ఆర్‌పీఎం కనిపిస్తే, 50 హెర్ట్జ్ వద్ద నాలుగు పోల్స్‌కు సింక్రనస్ వేగం (మోటారులోని అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం) 1500 కనుక స్లిప్, అంటే ఆ వేగం కన్నా మోటారు వెనుకబడేది, 4 శాతమని అక్కడే లెక్కగట్టేవాణ్ని. ఎం10 ట్యాప్‌కు (రంధ్రంలో 10 మిల్లీమీటర్ల మర కోసే పనిముట్టుకు) పిచ్, అంటే మరల మధ్య దూరం, 1.5 తీసివేసి 8.5 డ్రిల్లు ఎంచుకోవడం రోజూ చేసే పనే కనుక, దాన్ని కంఠస్థం చేయవలసిన అవసరం రాలేదు.

అయితే వర్క్‌షాపులో కనిపించిన ప్రతి పద్ధతినీ జవాబుగా గుర్తించరాదు. బ్రేక్‌డౌన్ తొందరలో షాఫ్టుకు ఎక్కించడానికి బేరింగ్‌ను గ్యాస్ మంటతో వేడిచేసేవారు ఉంటారు. సరైన జవాబు మాత్రం ఇండక్షన్ హీటరు లేదా ఆయిల్ బాత్ (వేడి నూనెలో ముంచడం), అదీ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ మించకుండా. మంట ఒకేచోట తగిలితే ఉక్కు కాఠిన్యం దెబ్బతింటుంది కనుక, పరీక్షకే కాదు, పనికీ అదే సరైనది.

ట్రేడ్‌కు ఎంత సమయం ఇవ్వాలన్నది నోటిఫికేషన్ చదివాకే తేల్చుకోవాలి. 2024 రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) పరీక్ష రెండో దశలో పార్ట్-బి ట్రేడ్ పరీక్ష 75 ప్రశ్నలు. 35 శాతం వస్తే చాలు, ఆ మార్కులు మెరిట్‌లో కలవవు. అదే ఏడాది టెక్నీషియన్ గ్రేడ్-3 పరీక్షలో విడిగా ట్రేడ్ భాగమే లేదు. వంద ప్రశ్నల్లో గణితం 25, రీజనింగ్ 25, జనరల్ సైన్స్ 40, మిగిలినవి జనరల్ అవేర్‌నెస్. చేతిపని బాగా వచ్చినవారు వెనుకబడేది గణితం, రీజనింగ్‌లలోనే అని నా అభిప్రాయం.

నైట్ షిఫ్ట్ దిగిన ఉదయం లెక్కల పుస్తకం తెరవడం వృథా, ముందు నిద్రపోవాలి. నేను గణితాన్ని ఉదయం షిఫ్ట్ ఉన్న వారాల సాయంత్రాలకు, మాక్ టెస్టును వారపు సెలవుకు పెట్టుకున్నాను. కిల్న్ (సిమెంటు ముడిసరుకును కాల్చే పెద్ద కొలిమి) షట్‌డౌన్ చేసి మరమ్మతులు చేసే రోజుల్లో మాత్రం చదువు సాగదు కనుక, టైమ్‌టేబుల్ వేసేటప్పుడే ఆ రోజులను ఖాళీగా వదిలేయండి.