పాత బొమ్మల చూపుతో ద్రాక్షారామం, కోటిపల్లి

రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వచ్చాను. భీమేశ్వరాలయం గాలిగోపురాన్ని దగ్గర నుంచి ఫోను పైకి వంచి తీస్తే వెనక్కి ఒరిగినట్టు పడుతుంది. ఫోను నిటారుగా పట్టి పూర్తి గోపురం రావాలంటే దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వెనక్కి జరగాలి. రెండింతలు జూమ్ చేస్తే మూడు రెట్లు. అంత దూరం పోతే కొట్లు, కరెంటు తీగలు అడ్డం. బొమ్మ గీసేవాడికి ఈ బాధ లేదు, తీగను గీయకపోతే సరి.

అడుగున ఒక మనిషిని నిలబెడితే గోపురం అమాంతం పెరుగుతుంది. 1838లో ఈజిప్టు వెళ్లిన స్కాట్లండ్ చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ బొమ్మల్లో గుళ్ల ముందు తలపాగాల మనుషులు చేరగిలబడి ఉంటారు. కొలతకు కొలత, సోకుకు సోకు. ఈజిప్టంటే శిథిలాల నీడలో కునుకు తీసే దేశమని ఐరోపా వాళ్లు అనుకోవడంలో ఆ బొమ్మల పాలు తక్కువేం కాదు. 1849లో ఫ్రెంచి రచయిత మాక్సిమ్ ద్యు కాం అక్కడికే కెమెరాతోనే బయల్దేరాడు. కొలబద్దగా పనికొస్తాడని తన పడవ మనిషి హాజీ ఇస్మాయిల్‌ను కట్టడాల మీదికి ఎక్కించేవాడు. కదిలితే ఫోటో చెడుతుంది. అందుకని లెన్సు ఇత్తడి గొట్టం ఫిరంగి అనీ, కదిలావో పేలుతుందనీ నమ్మించాడు. ఆ ఫోటోల్లో మనిషి ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అని మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

కోటిపల్లి రేవుకు సాయంత్రం వెళ్తే పొద్దు ముక్తేశ్వరం వైపు దిగుతుంది. గోదావరి పాయ గౌతమి, రేవు దాటించే పంటు, అవతల కొబ్బరిచెట్లు. మధ్యలో నరసాపురం రైలుమార్గం వంతెన స్తంభాలు. ఫోను కాస్త పక్కకు తిప్పితే అవి మాయం. ఆకాశం మీద వేలు నొక్కి వెలుతురు తగ్గిస్తే చెట్లు నల్లబడి, నీళ్లు బంగారమవుతాయి. కోనసీమ అని అందరూ పంపుకునే బొమ్మ అదే.

ఇలాంటి అమరిక పాతదే. ఇంగ్లిషు చిత్రకారులు థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1789లో ఆగ్రాలో తాజ్‌మహల్‌ను చిత్రించారు. 1801లో అచ్చువేసిన రెండు దృశ్యాల్లో ఒకటి తోట నుంచి, ఒకటి యమున అవతలి ఒడ్డు నుంచి. ముందు నీళ్లు, వెనక గుమ్మటం: ఆ అమరిక ఇప్పటికీ వదల్లేదు. మన దేశం మొహం చూడని ఇంగ్లిషు వాస్తుశిల్పి జాన్ నాష్ వాళ్ల బొమ్మల ఆధారంతోనే 1815 తర్వాత ఇంగ్లండులోని బ్రైటన్ రాజభవనానికి గుమ్మటాలు తొడిగాడు.

స్తంభాలు కూడా కావాలనుకుంటే కోటిపల్లికి పొద్దున్నే వెళ్లాలి. ఎండ వెనక నుంచి పడి అవీ, పంటు మీది మోటార్‌సైకిళ్లూ స్పష్టంగా వస్తాయి. ఆ ఫోటో పంపమని అడిగేవాళ్లు మాత్రం ఉండరు.