శుక్రవారం రాత్రి ఆపిన లైటు

మా పిన్ని కూతురు జెరూసలేంలో ఒక ముసలాయన్ని చూసుకునే పనిలో ఉంది. మా జగిత్యాల వైపు మగవాళ్ళు గల్ఫ్ పట్టిపోవడం పాత సంగతే. ఇజ్రాయెల్‌కు ముసలివాళ్ళ సేవకని పోయినవాళ్ళ గురించి మాత్రం ఊళ్ళో అంతగా మాట్లాడుకోరు. నేను దుబాయ్‌లో, తను అక్కడ. ఎదురెదురుగా కూర్చుని ఆరేళ్ళయింది. 2022 నవంబరు చివర్లో నాలుగు రోజులు సెలవు దొరికితే టెల్ అవీవ్ విమానమెక్కాను.

"శుక్రవారం పొద్దున్నే దిగన్నా, మధ్యాహ్నం దాటితే రైళ్ళుండవు" అని ముందే చెప్పింది. జెరూసలేం స్టేషన్ భూమికి 80 మీటర్ల లోతున ఉంటుంది. ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ మారుతూ పైకి వస్తుంటే పాత దిగుడుబావిలోంచి ఎక్కుతున్నట్టే ఉంది. అక్కడ ట్రామెక్కి హెర్జల్ కొండ దగ్గర దిగితే బయిత్ వెగాన్ పేట. అందరూ సంచులతో ఉరుకుతున్నారు, సంక్రాంతి ముందురోజు అంగట్లో మనం ఉరికినట్టు. ఈ యూదులకిది వారంవారం. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బత్, పని ముట్టని రోజు.

చెల్లె నన్ను చూసి ఏడ్చింది, టీ ఇచ్చింది, మళ్ళీ పనిలో పడింది. ఫ్రిజ్ లోపలి బల్బు విప్పింది, తలుపు తీస్తే వెలగకుండా. టాయిలెట్ పేపర్ ముక్కలుగా చింపి డబ్బాలో పెట్టింది, షబ్బత్ నాడు చింపడం కూడా పనే కాబట్టి. వంటంతా ముందే చేసి, రేపటిదాకా ఆర్పని వేడి పళ్ళెం మీద గిన్నెలు సర్దింది. మొత్తం 39 రకాల పనులు నిషేధమట. నిప్పు రాజేయడం, ఆర్పడం, రాయడం, కుట్టడం అన్నీ అందులోవే. నాలుగు గంటల ప్రాంతంలో ఊరంతా వినబడేలా సైరన్ మోగింది. ముసలాయన రెండు కొవ్వొత్తులు వెలిగించాడు. చెల్లె ఆయన్ని 'సబా' అంటుంది, తాత అని. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను.

రెండు పిడుల చెంబుతో చేతులు కడుక్కున్నాక రొట్టె ముక్క నోట్లో పడేదాకా సబా నోరు విప్పడు. అప్పుడు నేనేదో అడిగితే వేలెత్తి ఆగమన్నాడు. చేప, కోడి సూపు, కోడికూర. కడుపు నిండింది. నిండగానే నాకు పాలు పోసిన చాయ్ కావాలి, లేకపోతే తిన్నట్టుండదు. చెల్లెను అడిగితే నవ్వింది. "మాంసం తిన్న ఆరు గంటలదాకా వీళ్ళు పాలు ముట్టరు. ఈ బల్ల మీదికి రానే రావు. నల్ల చాయ్ తాగు. సబాకు పాల కాఫీ అంటే ప్రాణం, రోజూ గడియారం చూసుకుంటా కూసుంటడు."

నేను సబాకేసి చూశాను. ఆయనకు అర్థమైంది. నెమ్మదైన ఇంగ్లీషులో, మధ్యమధ్య చెల్లె సాయంతో చెప్పుకొచ్చాడు. ఎలాజార్ బెన్ అజర్యా అనే పాతకాలపు గురువు మాట ఒకటుందట: పందిమాంసం నాకు అసహ్యం అనొద్దు, నాకు తినాలనే ఉంది, కానీ ఏం చేయను, పరలోకంలో ఉన్న నా తండ్రి వద్దన్నాడు అను. "కాబట్టి నాకు కాఫీ అక్కర్లేదని నేను చెప్పను. కావాలి. ఇప్పుడే కావాలి" అని గడియారం వైపు చెయ్యి చూపించాడు.

ఇది నాకు కొత్తగా తోచింది. మన దగ్గర కోరికను చంపుకున్నవాడు గొప్పవాడు. ఈయన కోరికను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నాడు. అలా అయితే దొంగతనం చేయాలని ఉండి మానుకున్నవాడు, ఆ ఆలోచనే రానివాడికంటే గొప్పా అని అడిగాను. సబా సంబరపడ్డాడు. ఈ ప్రశ్న మైమొనిడిస్ (1138–1204) వేసుకున్నాడట. ఈజిప్టులో వైద్యం చేసిన పండితుడు. హత్య, దొంగతనం లాంటివాటి మీద మనసే పోకపోవడం మేలు. తిండి నియమాల్లాంటివాటిలో మాత్రం మనసు పోయినా నిగ్రహించుకున్నవాడిదే పైచేయి అని తేల్చాడట.

మావి అరిషడ్వర్గాలు, ఆరుగురు శత్రువులు అని నేను లెక్కపెట్టి చెప్పాను. "ఆరేనా? నా దగ్గర పదమూడున్నాయి. శత్రువులు కావు. రేపు రాత్రి చూపిస్తా, ఇవాళ పెన్ను ముట్టను" అన్నాడు.

ఆ రాత్రే నేను చేయకూడని పని చేశాను. బాత్రూం నుంచి బయటికొస్తూ లైటు ఆపాను. కరెంటు బిల్లు పేరు చెప్పి మా నాయన వేసిన మొట్టికాయలు నా వేళ్ళలో ఉన్నాయి, బుర్రతో పని లేకుండా చెయ్యి దానంతటదే పోయింది. అప్పుడే సబా వాకర్ మీద వస్తున్నాడు. చీకటి చూసి ఆగాడు. ద్వారబంధం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు, వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఒక్క మాట అనలేదు. నేను కంగారుగా మళ్ళీ స్విచ్ దగ్గరికి పోతే చెల్లె నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు ఆయన కోసం వేస్తే ఆ వెలుగు ఆయన వాడుకోడు."

తర్వాత గట్టిగా, "నాకు మొఖం కడుక్కునేదుంది" అని తానే లోపలికి పోయి లైటు వేసుకుంది, నిజంగానే మొఖం కడుక్కుంది, లైటు అట్లాగే వదిలి వచ్చింది. యూదుడు కానివాడు తన అవసరానికి వెలిగించుకున్న దీపాన్ని యూదుడు వాడుకోవచ్చని మిష్నా అనే వాళ్ళ పాత ధర్మశాస్త్రంలోనే ఉందట. సబా మెల్లగా లోపలికి నడిచాడు. బీడీ కార్ఖానాలో ఆకులు కత్తిరించిన పిల్ల రెండు వేల ఏళ్ళ కిందటి ధర్మసూక్ష్మాన్ని మొఖం కడుక్కుంటూ తీర్చేసింది. ఆమె కూతురు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఓర్పు గురించి ఆ ఇంట్లో చాలా విన్నాను గానీ, చెల్లె ఓర్పు ముచ్చట ఎవరూ ఎత్తలేదు.

శనివారం పగలంతా ఫోన్ కోసం నా చెయ్యి జేబులోకి పోతూనే ఉంది. నాకు నియమం లేదు, అయినా ఆ ముసలాయన ముందు తీయబుద్ధి కాలేదు. ఆయన తండ్రి పోలెండ్‌లోని బియాలిస్టాక్‌లో, నొవార్దొక్ వాళ్ళ పాఠశాలలో చదివాడట. యిస్రాయెల్ సలాంతెర్ (మరణం 1883) లిథువేనియాలో మొదలుపెట్టిన మూసర్ అనే నడవడి దిద్దుకునే ఉద్యమంలో అదొక శాఖ, అందులోకెల్లా మొండిది. సిగ్గును జయించడానికి కుర్రాళ్ళను మందుల దుకాణానికి పంపి మేకులు అడగమనేవారు. అందరూ నవ్వుతుంటే నిలబడాలి. నాకిది కొంచెం ప్రదర్శనలా అనిపించిందని చెప్పాను. "మా నాన్నకూ అలాగే అనిపించేది, అయినా అడిగాడు" అన్నాడు సబా.

మనిషిని కోరికల వైపు లాగే గుణాన్ని వాళ్ళు యేట్సెర్ అంటారు. దాని మీద తల్మూద్ అనే వాళ్ళ ధర్మగ్రంథంలోని కథ ఒకటి సబా చెప్పాడు. పండితులు ఒకసారి యేట్సెర్‌ను పట్టి మూడు రోజులు బంధించారట. తర్వాత దేశమంతా వెతికినా ఆనాటి తాజా గుడ్డు ఒక్కటి దొరకలేదు. కోళ్ళు కూడా పెట్టడం మానేశాయి. చంపితే లోకమే ఆగుతుందని భయపడి, కళ్ళు పొడిచి వదిలేశారట.

సాయంత్రం ఐదుంబావు దాటాక బాల్కనీలోంచి మూడు చుక్కలు లెక్కపెట్టి, జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి, లవంగాల వాసన చూసి షబ్బత్ ముగించారు. అప్పుడు సొరుగులోంచి నోటుపుస్తకం తీశాడు. 1808లో మెండెల్ లెఫిన్ అనే ఆయన, అమెరికా బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి చూసి, యూదులకోసం రాసిన లెక్క ఇది. పదమూడు గుణాలు, వారానికొకటి. ఏడాదిలో ఒక్కోటి నాలుగుసార్లు వస్తుంది. తప్పిన రోజు గడిలో చుక్క. ఈ వారం వంతు సహనానిది.

శుక్రవారం రాత్రి గడిలో సబా ఒక చుక్క పెట్టాడు.

"మీరు నన్నేమీ అనలేదు కదా" అన్నాను.

"అనలేదు. కోపం వచ్చింది" అని పుస్తకం మూసి, చెల్లెను పాల కాఫీ అడిగాడు.

పడుకునే ముందు బాత్రూంకి పోయి వస్తూ స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగాను. వంటింట్లోంచి చెల్లె చూస్తోంది.

"ఇప్పుడు ఆపొచ్చన్నా" అంది.