చేతిలో కాగితం పడేదాకా బట్టీ నుంచి బయటపడినట్టు కాదు

మాది ఇచ్ఛాపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, మా చుట్టుపక్కల పిల్లలందరం అలాగే పెరిగాం. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక ఆ ఒడియాతో పనే పడలేదు. కొన్నేళ్ళ కిందట జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా చేరినప్పుడు ఫారంలో తెలిసిన భాషలు అనే గడి ఉంటే అందులో ఒడియా అని రాశాను, ఆ ఒక్క ముక్క వల్లే ఒక ఫిబ్రవరిలో పొద్దున్నే ఆరింటికి ఫోన్ వచ్చింది, "మేడమ్, ఇటుక బట్టీకి రెస్క్యూకి వెళ్తున్నాం, ఒడియా వచ్చిన మనిషి కావాలి, ఎంతసేపట్లో రాగలరు" అని.

వెళ్ళాను. ఊరి శివార్లు దాటాక బట్టీ, పొగ గొట్టం, దాని వెనక ఇటుకలే పేర్చి పైన రేకు వేసిన గుడిసెలు, నిలబడితే తల తగిలేంత ఎత్తు. 14 కుటుంబాలు. అందరూ పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపడా జిల్లాల వాళ్ళు. నాది గంజాం వైపు ఒడియా, వాళ్ళది సంబల్‌పురి, సగం మాటలు రెండోసారి అడిగితే గానీ నాకు అర్థం కాలేదు. ఒకావిడ నన్ను "నానీ" అని పిలిచింది, అంటే అక్కా అని. ఆ పిలుపు విని ఇరవై ఏళ్ళయిందేమో, గొంతు పట్టేసింది.

మానవ అక్రమ రవాణా అంటే చాలామందికి ఇంకా ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి అమ్మేయడం ఒక్కటే గుర్తొస్తుంది. అదీ ఉంది, కాదనట్లేదు. కానీ ఈ బట్టీల్లో జరిగేది కూడా అదే నేరం కిందకి వస్తుంది, అప్పట్లో ఐపీసీ 370, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. మోసం చేసో బెదిరించో ఆశపెట్టో మనిషిని తీసుకొచ్చి బానిసలాగా వాడుకుంటే అది అక్రమ రవాణానే, ఆ మనిషి ఒప్పుకునే వచ్చాడు అనే మాట చెల్లదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది.

ఎలా జరుగుతుందంటే, వినాయక చవితి మర్నాడు పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ పండగ, కొత్త బియ్యం తినే పండగ. అది అయ్యాక ఊళ్ళోకి సర్దార్ దిగుతాడు. సర్దార్ అంటే మేస్త్రీ, ఏజెంట్, ఎక్కువగా ఆ ఊరి మనిషో పక్క ఊరి మనిషో. కూలీల్ని జట్టులెక్కన మాట్లాడుకుంటారు, మొగుడూ పెళ్ళాం ఒక పిల్లాడు కలిపి ఒక జట్టు, దాన్ని పథురియా అంటారు. అంటే పిల్లాడు కూడా లెక్కలో ఉన్నట్టే కదా, అక్కడే మొదలు. జట్టుకి ఇంత అని అడ్వాన్స్ ఇస్తాడు, ఈ 14 కుటుంబాలకి ఒక్కో జట్టుకి 35,000 నుంచి 40,000 దాకా ఇచ్చాడట. పెళ్ళి అప్పో, ఆసుపత్రి అప్పో, ఆ డబ్బు ఇల్లు దాటకముందే అయిపోతుంది. తర్వాత కాంటాబంజీ స్టేషన్‌లో రైలెక్కిస్తారు. ఇక్కడికి వచ్చాక వెయ్యి ఇటుకలకి ఇంత అని కడతారు, అందులోంచి అడ్వాన్స్ తీసేసుకుంటారు, వారానికోసారి తిండికి మాత్రం కొంచెం చేతిలో పెడతారు. లెక్క పుస్తకం ఓనర్ దగ్గర, ఆధార్ కార్డులు సర్దార్ దగ్గర. వెళ్ళిపోతాం అంటే అప్పు తీర్చి వెళ్ళండి అంటారు.

ఇక ఆ రోజు సంగతి. ఎన్ని డిపార్ట్‌మెంట్లు వచ్చాయో చెప్తాను, ఆర్డీఓ ఆఫీసు నుంచి, తహసీల్దార్ ఆఫీసు నుంచి, పోలీసుల మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం నుంచి, లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి, ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి, ఆఖర్న నేను. ఇంతమంది వచ్చారంటే పని అయిపోయినట్టే అనుకున్నాను. ఎవరి ఫారం వాళ్ళ దగ్గర ఉంది. ఒకే ఆవిడ, ఆ నానీ అన్న ఆవిడే, సాయంత్రానికి తన కథ ఆరుసార్లు చెప్పింది. నేనే కదా అనువదించింది, అందుకే లెక్క గుర్తుంది. మొదటిసారి ఏడ్చింది, మూడోసారి విసుక్కుంది, ఆరోసారి అవును కాదు అని మాత్రం అంది. ఆ ఆరో స్టేట్‌మెంటే కేసులోకి వెళ్ళింది. పైగా మొదటి రెండూ తీసుకున్నప్పుడు బట్టీ మేనేజర్ పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నాడు, ఆయన్ని లేచి పొమ్మనడం ఎవరి పనో ఎవరికీ తెలీదు.

ఒక ఆఫీసర్ నన్ను పక్కకి పిలిచి "వీళ్ళు అడ్వాన్స్ తీసుకున్నారు కదమ్మా, మరి పని చేయకుండా ఎలా వెళ్తారు, ఇది కూలి తగాదా" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, మధ్యాహ్నం పిల్లలందరికీ తన డబ్బుతోనే భోజనం తెప్పించారు. కానీ ఆ అడ్వాన్సే వెట్టికి గుర్తు అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణ కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో చెప్పింది. బలవంతంగా పని చేయిస్తున్నారని తేలితే అడ్వాన్స్ ఏదో తీసుకునే ఉంటారని కోర్టే భావించాలి, అప్పు కాగితాలు తెమ్మని కూలీని అడగకూడదని 1983 డిసెంబర్‌లో బంధువా ముక్తి మోర్చా కేసులో చెప్పింది. నలభై ఏళ్ళు దాటింది, ఆ మాట మండలం దాకా ఇంకా రాలేదు.

నన్ను బాగా బాధపెట్టింది పిల్లల విషయం. బాలల చట్టం ప్రకారం 24 గంటల్లోగా పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి, బాలల విభాగం వాళ్ళు వాళ్ళ రూల్ ప్రకారమే పదేళ్ళు దాటిన తొమ్మిది మందిని వ్యాన్ ఎక్కించారు. పెద్దవాళ్ళ బాధ్యత రెవెన్యూది, వాళ్ళు పెద్దవాళ్ళని ఒక ఫంక్షన్ హాల్‌కి తీసుకెళ్ళారు. రెండూ రూల్ ప్రకారం కరెక్టే. కానీ ఆ తల్లులకి ఏం కనిపించింది? తెలియని భాష మాట్లాడే మనుషులు వచ్చి పిల్లల్ని బండెక్కించి పట్టుకుపోయారు. అప్పటిదాకా మాతో మాట్లాడిన వాళ్ళు నోరు మూసేశారు, ఇద్దరైతే మమ్మల్ని మళ్ళీ బట్టీకే పంపించేయండి అన్నారు. రాత్రి పదకొండున్నరకి నేను ఆ కమిటీ మెంబర్ ఒకరికి ఫోన్ చేసి బతిమాలితే, పొద్దున్నే పిల్లల్ని ఫంక్షన్ హాల్‌కే తీసుకొచ్చి అక్కడే సిట్టింగ్ పెట్టారు. ఆ మేడమ్‌కి ఇప్పటికీ రుణపడి ఉన్నాను, కానీ అది నా ఫోన్‌లో ఆవిడ నంబర్ ఉండబట్టి జరిగింది, లేకపోతే?

సర్దార్ దొరకలేదు. అతని పేరు, ఊరు మాకు మొదటి రోజు మధ్యాహ్నమే తెలుసు. ఒడిశాలో ఆ పోలీస్ స్టేషన్‌కి ఇక్కడి నుంచి ఫోన్ వెళ్ళింది నాలుగో రోజు. మన వాళ్ళు లెటర్ ఆ జిల్లా ఎస్పీకి పోవాలి అన్నారు, ఆ లెటర్ మన జిల్లా నుంచే పోవాలి, అది ఎవరి సంతకంతో అనే దగ్గర మూడు రోజులు పోయాయి.

ఆరో రోజు వాళ్ళని రైలెక్కించాం. టికెట్లు, బిస్కెట్లు, నీళ్ళ బాటిళ్ళు, ఫోటోలు, అన్నీ అయ్యాయి. రిలీజ్ సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు, పోస్ట్‌లో పంపిస్తాం అన్నారు. నాకప్పుడు ఆ కాగితం విలువ తెలీదు, తెలిసుంటే ప్లాట్‌ఫాం మీదే కూర్చునేదాన్ని. ఈ మనిషి వెట్టి నుంచి విడుదలయ్యాడు, ఇతని అప్పు రద్దయింది అని మేజిస్ట్రేట్ హోదాలో అధికారి సంతకం పెట్టి ఇచ్చే పత్రం అది. వెంటనే ఇవ్వాల్సిన సాయం ఇప్పుడు 30,000 వరకు ఉంది, దానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. ఆ తర్వాత పునరావాసం కింద మగవాళ్ళకి లక్ష, ఆడవాళ్ళకి పిల్లలకి 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు, అది కేసులో శిక్ష పడటంతో ముడిపడి ఉంది. ఏదైనా సరే మొదలు ఆ కాగితమే. అది లేకుండా ఊరెళ్తే బ్లాక్ ఆఫీసులో నువ్వెవరు అంటారు, సర్దార్ ఇంటికొచ్చి నా డబ్బేది అంటాడు.

అలాగే అయింది. ఇక్కడ ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయ్యారు, ఫైల్ ఎక్కడో ఆగింది, తర్వాతి నవంబర్‌లో ఆ నానీ నుంచి నాకు ఫోన్. ఎక్కడున్నావ్ అంటే వేరే బట్టీ పేరు చెప్పింది. పాత అప్పు మీద కొత్త అప్పు ఎక్కించి సర్దార్ మళ్ళీ తీసుకొచ్చేశాడు. మేమంతా కలిసి చేసిన పనికి మిగిలింది అదీ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు, నా కళ్ళారా చూశాను, అందరూ రాత్రిళ్ళు నిలబడి చేశారు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మనిషిని అందించే చోటల్లా జారిపోయింది. నిజానికి ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతేం కాదు, మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2003లో జీవో నంబర్ 1 అని అక్రమ రవాణా మీద ఒక విధానం తెచ్చారు, పోలీసులు, మహిళా శిశు సంక్షేమం, మిగతా శాఖలు కలిసి చేయాలనే అందులో ఉంది. 2012లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ లేబర్ డిపార్ట్‌మెంట్లు వలస కూలీల మీద ఒప్పందం కూడా చేసుకున్నాయి. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లోనే ఒడిశాలో కలహండి జిల్లాకి చెందిన ఇద్దరు కూలీల చేతులు నరికేశారు కాంట్రాక్టర్ మనుషులు, సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు తీసుకుంది. కాగితం మీద శాఖలు కలిస్తే సరిపోతుందా, బట్టీ దగ్గర నిలబడ్డ వాళ్ళకి అవతలి రాష్ట్రంలో ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి కదా.

రెండో రెస్క్యూ ఆ నానీ చెప్పిన బట్టీయే. ఈసారి ముందు రోజే మీటింగ్ పెట్టమని నేను, ఆ స్వచ్ఛంద సంస్థ అబ్బాయి వెంటపడ్డాం. కొత్త ఆర్డీఓ గారు చిన్న వయసు ఆవిడ, ఓపిగ్గా విన్నారు. స్టేట్‌మెంట్ ఒక్కసారే, అందరూ ఒకే గదిలో కూర్చుని వినాలి, మేనేజర్ గేటు బయట ఉండాలి. పిల్లలు తల్లుల దగ్గరే, కమిటీనే అక్కడికి వస్తుంది. అవతల బలంగీర్ లేబర్ ఆఫీసర్‌ని, అక్కడి పోలీసుల్ని ముందే వాట్సాప్ గ్రూప్‌లో కలిపారు, మేం బట్టీ గేటు దాటేసరికి వాళ్ళు సర్దార్ ఇంటి ముందున్నారు. దొరికాడు, ఇంట్లో 23 ఆధార్ కార్డులు కూడా దొరికాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఆర్డీఓ గారు కార్లో ప్రింటర్ తెచ్చారు. బట్టీలో కరెంటు పోయింది, పోయిందో తీసేశారో మరి, రోడ్డు మీద కిరాణా కొట్టాయన ఇన్వర్టర్ మీద ప్లగ్ ఇచ్చాడు. గల్లాపెట్టె పక్కన ప్రింటర్ పెట్టి, ఒక్కో పేరు నేను చదివి, వాళ్ళ చేత మళ్ళీ చెప్పించి, రాత్రి పదిన్నర దాకా 41 సర్టిఫికెట్లు. ఒక్కొక్కరి చేతిలో పెట్టి మీ అప్పు ఇక లేదు అని చెప్పే పని నాకిచ్చారు. నానీ ఆ కాగితాన్ని మడిచి జాకెట్‌లో పెట్టుకుని, మళ్ళీ తీసి, ఇందులో నా పేరు ఏది చూపించు అంది. చూపించాను.

ఆ 41లో 38 మందికి మొదటి విడత డబ్బు అకౌంట్లో పడింది. మిగతా ముగ్గురికి ఆధార్‌లో పేరు ఒకలా సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉందని బ్యాంకు ఆపేసింది, మాఝీ అనే ఇంటిపేరు రెండు చోట్ల రెండు స్పెల్లింగులు. సరిచేసిన కాపీ ఇక్కడి నుంచి వెళ్ళింది, అక్కడ అందలేదంటున్నారు. నిన్న కూడా రెండు ఆఫీసులకీ ఫోన్ చేశాను, సోమవారం మళ్ళీ చేయమన్నారు.