నీటి ఊటల వెంట సీమ యాత్ర

కృష్ణా కాలువ గట్ల మీద పుట్టి పెరిగిన నాకు రాయలసీమ అనగానే కరువు వార్తలే గుర్తుకు వచ్చేవి. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటని చదువుకోవడమే తప్ప ఆ నేల మీద అడుగుపెట్టింది లేదు. మహానంది, యాగంటి చూడాలన్న మా అమ్మ కోరిక తీర్చడానికి కార్తీకమాసంలో బయలుదేరాము. దర్శనాల కోసమే మొదలైన ప్రయాణం రెండో క్షేత్రానికి చేరేసరికి నా మటుకు నాకు నీటి యాత్రగా మారిపోయింది. సీమలో పెద్దలు గుడి కట్టి కోనేరు తవ్వలేదు, నీరు ఉబికే చోటు చూసుకొని అక్కడ గుడి కట్టారనిపించింది.

గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు గిద్దలూరు దాటాక నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. ఆ కొండల పడమటి పాదాల దగ్గరే మహానంది ఉంది. ఊరు ఇంకా కనబడక ముందే రోడ్డుకు రెండు వైపులా అరటితోటలు ఎదురవుతాయి. కోనసీమలో ఉన్నామా అని అమ్మ అడిగింది కూడా. గర్భాలయంలోని లింగం కింద నుంచి వచ్చే ఊట లోపలి ప్రాకారంలోని రుద్రగుండాన్ని నింపి, బయట ఉన్న బ్రహ్మగుండం, విష్ణుగుండాల మీదుగా పొలాలకు పోతుంది. సుమారు 2,000 ఎకరాలు ఈ నీటితోనే సాగవుతాయట. ఐదడుగుల లోతు నీళ్ళలో అడుగున పడిన నాణెం మీది బొమ్మ కూడా కనిపించేటంత తేటగా ఉంటుంది. తెల్లవారుజామున చలికి జంకుతూ గుండంలో దిగిన అమ్మ, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని ఆశ్చర్యపోయింది. వేసవిలో ఇవే నీళ్ళు చల్లగా ఉంటాయని పక్కన స్నానం చేస్తున్న పెద్దాయన చెప్పాడు. లింగం మామూలు శివలింగంలా నిలువుగా కాకుండా, ఆవు గిట్ట గుర్తుతో పుట్టలా పరుచుకొని ఉంటుంది. నిలబడి చూడవలసింది ఇంకొకటి ఉంది: గర్భాలయ శిఖరం. దక్షిణాది విమానంలా మెట్లు మెట్లుగా కాక ఉత్తరాది గుళ్ళ నాగర పద్ధతిలో వంపు తిరిగి పైకి లేచే ఆ శిఖరం బాదామి చాళుక్యుల కాలం నాటిది. జనం గోపురానికి మొక్కి వెళ్ళిపోతారు గానీ దాన్ని తల ఎత్తి చూసేవారు తక్కువ.

అక్కడి నుంచి బనగానపల్లె మీదుగా యాగంటి వెళ్ళాము. మామిడికాయల కాలం కాకపోవడం ఒక్కటే ఆ దారిలో నాకు మిగిలిన లోటు. ఎర్రమల కొండల మధ్య, రాతి గోడల ఒడిలో ఉన్న ఈ గుడిలో శివుడు లింగరూపంలో కాక, పార్వతీదేవితో కలిసి ఒకే శిలలో ఉమామహేశ్వరుడిగా దర్శనమిస్తాడు. కొండ నుంచి వచ్చే నీరు నంది నోటి గుండా కోనేటిలోకి ఏడాది పొడుగునా దూకుతుంది. మండపంలోని బసవన్న పెరుగుతూ ఉంటాడని, ఒకప్పుడు స్తంభాలకూ నందికీ మధ్య ప్రదక్షిణ చేసేవారని, ఇప్పుడు మనిషి పట్టనంత ఇరుకైందని పెద్దలు చెబుతారు. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడన్న కాలజ్ఞానపు మాట మా ఊళ్ళో కూడా అందరికీ తెలిసినదే. అగస్త్యుల గుహకు ఎక్కే మెట్లు బాగా నిటారుగా ఉంటాయి కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు కిందే కూర్చోవడం మేలు.

ఇంత పొడినేలలో ఇన్ని ఊటలు ఎలా అన్న ప్రశ్నకు జవాబు బెలుం గుహల్లో దొరికింది. ఈ ప్రాంతమంతా సున్నపురాయి. ఇళ్ళ ముందు పరిచిన నాపరాళ్ళూ, దారిలో కనిపించిన సిమెంటు ఫ్యాక్టరీలూ ఆ రాయి మీద బతుకుతున్నవే. వాననీరు ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగించి, పగుళ్ళను సొరంగాలుగా మార్చి, భూమి అడుగున ప్రవహించి, వీలున్న చోట బయటకు వస్తుంది. కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహలను 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ప్రస్తావించాడు. 1980 దశకం మొదట్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో యాత్రికులను దాదాపు సగం వరకే అనుమతిస్తారు. లోపల ఉక్కపోతకు చొక్కా తడిసి ముద్దయినా, 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ దాకా వెళ్ళక తప్పదు. సన్నని నీటిపాయ అక్కడ కనిపించి మళ్ళీ రాళ్ళలోకి మాయమవుతుంది. ఆ నీరు బెలుం గ్రామంలోని బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం. ఏ పూజారీ లేని ఆ చోట అమ్మ చేతులు జోడించింది. నాకది వింతగా తోచలేదు.

తాడిపత్రిలో పెన్నా నది ఒడ్డున విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకులు కట్టించిన బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. ఏటిలో ఇసుక తప్ప ఏమీ లేని రోజుల్లో కూడా లింగం అడుగున నీటిబుగ్గ ఊరుతూనే ఉంటుందని అర్చకులు చెప్పారు. పూర్తికాని గోపురాల మీది చెక్కడం ఎంత సూక్ష్మంగా ఉందంటే, పూర్తయిన గోపురాలెన్నో దాని ముందు వెలవెలబోతాయి. చింతల వెంకటరమణస్వామి గుడిలోని రాతిరథాన్ని, గోడల మీది రామాయణ శిల్పాలను చూశాక గండికోట లోయను చీకటి పడేలోగా ఒక చూపు చూసి కడప చేరుకున్నాము.

ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. శిథిలమైన ఈ ఆలయాన్ని బాగుచేయడానికి రామభక్తుడైన కవి వావిలికొలను సుబ్బారావు టెంకాయచిప్ప పట్టుకొని ఊరూరా భిక్షమెత్తారు. నేను మాత్రం ఇమాంబేగ్ బావి కోసమే ఎదురుచూశాను. ఇక్కడి దేవుడు పిలిస్తే పలుకుతాడా అని పరీక్షించిన ఆ ముస్లిం అధికారి, రాముణ్ణి పిలిచి లోపలి నుంచి జవాబు విని భక్తుడయ్యాడని కథ. ఆయన గుడికి బంగారం ఇవ్వలేదు, స్వామి అవసరాలకు 1640లో బావి తవ్వించాడు. ఆ నేలకు ఏమి కావాలో ఆయనకు తెలుసు. ఈ గుడికి వెళ్ళదలచినవారు వీలైతే చైత్రమాసంలో వెళ్ళండి, ఎందుకంటే ఇక్కడి కల్యాణం మిగతా రామాలయాల్లో లాగా పగటిపూట కాకుండా రాత్రి పండువెన్నెల్లో జరుగుతుంది.