డీఎన్‌ఏ ఆర్డరు వెనుక ఉన్న మనిషి

మా ప్రయోగశాలకు కావలసిన ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, జన్యు ఖండాలు తెప్పించే బాధ్యత నాలుగేళ్లుగా నాది. ఈ మధ్య సరఫరాదారు మా ఆర్డరు ఒకదాన్ని ఐదు రోజులు నిలిపివేసి, ఆ ఖండాన్ని దేనికి వాడబోతున్నామో రాతపూర్వకంగా తెలపమనీ, మా జీవభద్రతా అధికారితో మాట్లాడించమనీ అడిగారు. విసుగు కలిగిన మాట నిజమే. అయితే మేము కోరిన జన్యువు హాని చేయని బాక్టీరియాదే అయినప్పటికీ, దానికి దగ్గరి బంధువైన ఒక వ్యాధికారక జాతిలోనూ అదే జన్యువు స్వల్ప తేడాలతో ఉంటుందని గుర్తుకు వచ్చాక, వారు అడిగినది అన్యాయం కాదనిపించింది. అప్పటినుంచి, ఆర్డరైన డీఎన్‌ఏ ప్రమాదకర జీవులదా, కొనేది ఎవరు అని సరఫరాదారులు చూసే ఈ తనిఖీ నియమాలను శ్రద్ధగా చదువుతున్నాను.

ఈ జాగ్రత్త ఎందుకు పుట్టిందో చెప్పడానికి రెండు ప్రయోగాలు చాలు. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఎకార్డ్ విమ్మర్ బృందం, రసాయనికంగా తయారైన డీఎన్‌ఏ ముక్కల నుంచి పోలియో వైరస్‌ను నిర్మించింది. ఆ వైరస్ జన్యుపదార్థం సుమారు 7,500 అక్షరాలది (అక్షరం అంటే జన్యుపదార్థపు గొలుసులో ఒక రసాయన ప్రమాణం). ఆ తరువాత కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఎవాన్స్ బృందం, 2 లక్షలకు పైగా అక్షరాలున్న హార్స్‌పాక్స్ వైరస్‌ను తపాలా ద్వారా తెప్పించుకున్న ఖండాలతో కూర్చి, 2018లో ఆ వివరాలు ప్రచురించింది. హార్స్‌పాక్స్ మశూచి కుటుంబానికి చెందినది కనుక ఆ ప్రచురణపై పెద్ద చర్చే నడిచింది.

అమెరికా ఆరోగ్య శాఖ 2010లో సరఫరాదారులకు మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. రెండు పోగుల డీఎన్‌ఏను 200 అక్షరాల నిడివిలో ప్రమాదకర జీవుల క్రమాలతో (అక్షరాల వరుసలతో) పోల్చి చూడమనీ, ఆర్డర్ల వివరాలను కనీసం 8 ఏళ్లు భద్రపరచమనీ అవి సూచించాయి. అదంతా స్వచ్ఛందమే. అంతకుముందే, 2009లో, కొన్ని కంపెనీలు అంతర్జాతీయ జన్యు సంశ్లేషణ (కృత్రిమ తయారీ) కూటమిగా ఏర్పడి తమంతట తామే ఉమ్మడి తనిఖీ విధానం పెట్టుకున్నాయి. 2023 అక్టోబరులో సవరించిన మార్గదర్శకాలు ఒంటి పోగు డీఎన్‌ఏనూ ఆర్‌ఎన్‌ఏనూ చేర్చుకున్నాయి. 2026 అక్టోబరు నాటికి 50 అక్షరాల ముక్కను సైతం పరిశీలించగలగాలని లక్ష్యం పెట్టాయి. కొనేవారికీ, మధ్యవర్తులకూ, సంశ్లేషణ యంత్రాల తయారీదారులకూ బాధ్యత ఉందని చెప్పాయి.

నా దృష్టిలో ఈ మార్పులన్నింటిలోనూ ముఖ్యమైనది చివరిదే. అక్షరాల పోలిక ఎంత సూక్ష్మమైనా, ఆ పదార్థం ఎవరి చేతికి వెళుతుందన్న ప్రశ్నకు జవాబు ఇవ్వదు. ఒకే ఖండం టీకా తయారు చేసేవారికి అత్యవసరం కావచ్చు, తగిన వసతులు లేనివారి చేతిలో ప్రమాదమూ కావచ్చు. పైగా 2025లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు, కృత్రిమ మేధ సాయంతో రూపం మార్చిన విషప్రోటీన్లలో కొన్ని అప్పటి తనిఖీ సాఫ్ట్‌వేర్లకు చిక్కలేదని చూపి, ఆ సాఫ్ట్‌వేర్లను సరిదిద్దే పనిలో వాటి తయారీదారులతో కలిసి పనిచేశారు. ప్రమాదకర క్రమాల జాబితా ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉండే అవకాశం ఉన్నప్పుడు, కొనుగోలుదారు ఎవరు, ఏ సంస్థ, ఏ పని అన్న విచారణే గట్టి ఆధారమవుతుంది. దానికి మనిషి సమయం కావాలి, నైపుణ్యం కావాలి, అంటే ఖర్చు. జాగ్రత్తగా విచారించే కంపెనీ ఆలస్యం వల్ల కొనుగోలుదారులను పోగొట్టుకుని, విచారించని కంపెనీ వారిని సంపాదించుకునే పరిస్థితి ఉన్నంతకాలం స్వచ్ఛంద నియమం బలహీనంగానే ఉంటుంది.

2024 ఏప్రిల్‌లో శ్వేతసౌధపు శాస్త్ర సాంకేతిక విధాన కార్యాలయం తెచ్చిన విధానం ఈ లోపాన్ని డబ్బు మార్గంలో సరిచేయాలని చూసింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ నిధులతో పరిశోధించేవారు, తనిఖీ చేస్తున్నామని ధ్రువీకరించిన సరఫరాదారుల వద్దే కొనాలన్నది అందులోని ప్రధాన షరతు. ఆ ఆలోచన నాకు నచ్చింది, ఎందుకంటే తనిఖీ చేయడమే వ్యాపారానికి లాభమయ్యేలా అది చేస్తుంది. కానీ ప్రైవేటు డబ్బుతో కొనేవారిని ఆ షరతు తాకదు. ఆ విధానాన్నే 90 రోజుల్లో సవరించాలని లేదా మార్చాలని 2025 మే నెలలో అధ్యక్షుని ఆదేశం వెలువడింది. బ్రిటన్ 2024 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా స్వచ్ఛందమైనవే.

ఇక యంత్రాల సంగతి. బల్లమీద అమరే సంశ్లేషణ యంత్రం ఉంటే ఆర్డరే ఉండదు. ఆర్డరు లేకపోతే దాన్ని ఆపి ప్రశ్నించే మనిషీ ఉండడు. ఇన్నాళ్లూ తనిఖీ కేంద్రం సరఫరాదారు కార్యాలయంలో ఉంది. యంత్రం వచ్చాక అది ప్రయోగశాల గదిలోకి మారుతుంది. అందుకే యంత్రాన్ని అమ్మే ముందు కొనేవారిని విచారించాలనీ, వాడేవారు ఎవరో యంత్రం గుర్తించాలనీ, తయారు చేయబోయే క్రమాన్ని తనిఖీ చేసే సామర్థ్యం అందులోనే ఉండాలనీ నియమాలు అడుగుతున్నాయి. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెండో చేతి అమ్మకం. మొదటి కొనుగోలుదారును ఎంత విచారించినా, కొన్నేళ్లకు యంత్రం మరొకరికి చేరినప్పుడు ఆ విచారణ దాని వెంట వెళ్లదు. ప్రతి బదిలీనీ తయారీదారుకు తెలియజేయాలన్న షరతు అమ్మకపు ఒప్పందంలోనే ఉండాలని నా అభిప్రాయం.

మా ప్రయోగశాలలోనూ అటువంటి యంత్రం కొనాలన్న ప్రతిపాదన ఇప్పుడు పరిశీలనలో ఉంది. నన్ను అభిప్రాయం అడిగినప్పుడు కొనమనే చెప్పాను. దానితోపాటు, యంత్రం చేసిన ప్రతి ఖండం వివరమూ జీవభద్రతా సంఘానికి నెలనెలా అందాలనీ, ఒక్కొక్కరికీ విడిగా ప్రవేశ సంకేతం ఉండాలనీ, యంత్రం మా వద్ద నుంచి వెళ్లే రోజున ఎవరికి ఇచ్చామో తయారీదారుకు రాతపూర్వకంగా తెలపాలనీ రాసి ఇచ్చాను. మొదటి రెండింటికీ సమ్మతి వచ్చింది. మూడోదానిపై చర్చ ఇంకా జరుగుతోంది.