పాలిఫెమస్, కబంధుడు, మా అబ్బాయి

ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాల చరిత్ర పాఠాల్లో ప్రాచీన గ్రీసు తప్పనిసరి. అందుకే ఇక్కడి పిల్లలకు సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసులు చిన్నప్పుడే పరిచయమవుతారు. మా అబ్బాయికైతే బడికంటే ముందే వీడియో గేములో కనిపించారు. 2002లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ మిథాలజీ' మా వారు కాలేజీ రోజుల్లో ఆడిన ఆట. ఇప్పుడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఆడుతుంటారు. సైక్లోప్స్ ఒక సైనికుణ్ని ఎత్తి దూరంగా విసిరేస్తే వీడు కేరింతలు కొడతాడు.

"ఎవరు కన్నా అతను?" అని ఒకరోజు అడిగాను. వాడి బలమెంతో, ఎన్ని దెబ్బలకు పడిపోతాడో గడగడా చెప్పాడు. ఎవరో మాత్రం చెప్పలేకపోయాడు. ఆ రాత్రి కథ నేను చెప్పాను.

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఒడిస్సీ' తొమ్మిదో భాగంలోని పాలిఫెమస్ అనే సైక్లోప్స్ సముద్రదేవుడు పొసైడన్ కొడుకు, గొర్రెల కాపరి. కథానాయకుడు ఒడిస్సియస్ తన మనుషులతో అతని గుహలోకి పిలవకుండానే వెళ్తాడు. దొరికిన చీజ్ పట్టుకుని ఓడ ఎక్కేద్దామని తోటివాళ్లు బతిమాలినా వినడు. ఇంటివాడు వస్తే అతిథి కానుకలు అందుకోవచ్చని అతని ఆశ. వచ్చినవాడు బండతో గుహ మూసేసి, పూటకు ఇద్దరి చొప్పున ఆరుగురిని తినేస్తాడు. అవే చేతులతో గొర్రెలను వరుసగా పితికి, ఒక్కో పిల్లను దాని తల్లి దగ్గర వదులుతాడు.

కాల్చిన ఆలివ్ దుంగతో ఒడిస్సియస్ అతని కన్ను పొడిచేశాక వచ్చే ఘట్టం నాకు ప్రాణం. మందలో ఎప్పుడూ ముందు నడిచే పెద్ద పొట్టేలు ఆ ఉదయం అందరికంటే చివర బయటికి వస్తుంది. తప్పించుకోవడానికి దాని పొట్ట కింద ఒడిస్సియస్ వేలాడుతున్నాడని పాలిఫెమస్‌కు తెలియదు. ఈరోజు ఎందుకు వెనకబడ్డావు, నీ యజమాని కన్ను పోయిందని బాధపడుతున్నావా అని దాని వీపు నిమురుతూ అడుగుతాడు. అక్కడికి వచ్చేసరికి మా వాడు లేచి కూర్చున్నాడు.

మా నాన్నగారు ఆదివారాలు ఫోనులో మనవడికి రామాయణం చెబుతుంటారు. ఈ కథ వినగానే ఆయన అరణ్యకాండ అందుకున్నారు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు తల, తొడలు శరీరంలోకి కూరుకుపోయిన కబంధుడికి నోరు కడుపులో, ఒకే ఒక్క కన్ను రొమ్ము మీద. రామలక్ష్మణులు అతని చేతులు నరికారు. అంతటితో అయిపోలేదు, నువ్వెవరివని అడిగారు. అతను శాపం సంగతంతా చెప్పి, తనను దహనం చేయమన్నాడు. వాళ్లు గొయ్యి తవ్వి దహనం చేశారు. ఋశ్యమూకం మీది సుగ్రీవుడితో స్నేహం చేయమని దారి చూపింది ఆ కబంధుడే. సీత జాడకు ఒక మెట్టు ఆ ఒంటికన్ను రాక్షసుడు!

మనదే గొప్ప అని పిల్లలకు నూరిపోయడం నాకు నచ్చదు. ఆ పొట్టేలు ఘట్టం రాసినవాడు రాక్షసుడి మనసు చూసినవాడే. నాకు బాధ కలిగించేవి ఆ మనసును కోసి పారేసే ఆటలు. 2005లో మొదలైన 'గాడ్ ఆఫ్ వార్'లో సైక్లోప్స్ కళ్లు పీకడమే వినోదం. అది 18 ఏళ్లు నిండినవాళ్ల ఆట, నిండేదాకా మా ఇంట్లోకి రాదు. 2025లో పూర్తిగా విడుదలైన 'హేడీస్ 2' వేరు. అందులో పాలిఫెమస్ గొర్రెలతో సహా ఉంటాడు, ఎదిరించడమే కాదు, మాట్లాడతాడు. ఒడిస్సియస్ కూడా అదే ఆటలో ఉన్నాడు. మా వాడు కాస్త పెద్దయ్యాక పక్కన కూర్చుని ఆడించాలని ఉంది.

తప్పు ఎవరిదన్న వాదన మాత్రం ఇంట్లో తెగలేదు. పిలవని ఇంట్లో దూరి తిన్నవాడిదే మొదటి తప్పని నేనంటాను. "మనుషుల్ని తింటే ఎలా అమ్మా?" అంటాడు వాడు. ఒడిస్సియస్ ఓడ ఎక్కి క్షేమంగా వెళ్లిపోతూ తన పేరు గట్టిగా అరిచి, పాలిఫెమస్ తండ్రి పొసైడన్ కోపం కొనితెచ్చుకోవడమే అసలు తెలివితక్కువ పని అని వాడి తీర్పు. తాతయ్య మనవడి పక్షం.