కరెంటు కోసం వచ్చే దయ్యం: దేవరకొండ దగ్గర రాత్రి షూటింగ్

దేవరకొండ అనగానే అందరూ కోట చూడ్డానికి వెళ్తారు. నేను మాత్రం దయ్యం కోసం వెళ్లాను. మా అక్క కొడుకు, వాడి దోస్తులు కలిసి అక్కడికి దగ్గర్లో వాళ్ల ఊళ్లోనే ఒక హారర్ కామెడీ తీస్తున్నారు. లైటు పట్టుకోవడానికి మనిషి తక్కువయ్యాడని "మామా, నువ్వైతే నిద్రపోవు, రా" అని ఫోన్ చేశాడు. చేతిలో ఉన్న నాలుగు పైసలతో, తెలిసినవాళ్లనే పెట్టి తీసే దయ్యాల సినిమాలంటే నాకు పిచ్చి. ఆ పిలుపు కాదనేది ఎట్లా?

సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటి, కొండమల్లేపల్లి దగ్గర బస్సు దేవరకొండ వైపు తిరిగింది. దారంతా బత్తాయి తోటలు, మధ్యమధ్యలో పత్తి చేలు. వెలుతురు ఇంకా ఉందని ముందు కోట ఎక్కాం. రేచర్ల పద్మనాయకుల కాలం నాటి కోట అది, ఏడు గుట్టలను చుట్టుకుని ఉంటుంది. కూలిన గోడలు, చెట్లు మొలిచిన బురుజులు, పొద్దుగూకే వేళకు ఎవరికైనా ఒళ్లు జలదరించే చోటు. ఇంత మంచి లొకేషన్ ఊరి పక్కనే పెట్టుకుని ఇక్కడ తీయరేంరా అని అడిగితే మా అల్లుడు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: "కోటల దయ్యం ఉంటదని అందరికీ తెలుసు మామా. మోటరు కాడ ఉంటదని మా ఊరోళ్లకే తెలుసు."

వాళ్ల కథ ఇదీ. వెనకటికి త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట వంతుల వారీగా వచ్చే రోజుల్లో ఒక రైతు మోటరు వేయడానికి బాయికాడికి పోయి అక్కడే చనిపోతాడు. దయ్యమై ఇప్పటికీ అర్ధరాత్రి దాటాక గొంగడి కొప్పెర పెట్టుకుని, మెడలో టార్చిలైటు వేలాడేసుకుని వస్తాడు, ఎదురైన ప్రతివాణ్ణీ "కరెంటొచ్చిందా?" అని అడుగుతాడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైందని పాపం ఆ దయ్యానికి ఎవరూ చెప్పలేదు. ఒక సీన్లో దయ్యం స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేయబోతుంటే ఆటో స్టార్టర్ వల్ల మోటరు తనంతట తనే ఆన్ అవుతుంది, ఇక్కడ నాకంటే పెద్ద దయ్యం ఏదో ఉందని అది కెవ్వుమని పరిగెత్తుతుంది. స్క్రిప్టులో ఈ సీన్ చదివి బస్సులో గట్టిగా నవ్వాను. దయ్యమే భయపడడం మనకు కొత్త కాదు, 2017లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ'లో మనుషులను చూసి దయ్యాలు భయపడతాయి కదా. కానీ స్టార్టర్ డబ్బాను చూసి భయపడే దయ్యం బాయికాడ పెరిగిన పిల్లలకు తప్ప ఎవరికి తడుతుంది?

రాత్రి తోటలోకి చేరాక అసలు పని మొదలైంది. దయ్యం చూపులోంచి చెట్ల మధ్య దూసుకుపోయే షాట్ కావాలి. పెద్ద సినిమాల్లో దానికి కెమెరా కుదుపు లేకుండా ఒంటికి కట్టుకుని నడిచే స్టెడీకామ్ తెస్తారు, వీళ్ల దగ్గర ఉన్నది ఒక ఫోను. పాత తలుపు చెక్క ఒకటి తెచ్చి, దాని మధ్యలో ఫోనును సైకిల్ ట్యూబుతో బిగించి, చెరో పక్క ఒకడు పట్టుకుని నేలకు జానెడు ఎత్తులో పరిగెత్తారు. బత్తాయి ముళ్లు చేతులకు గీసుకుపోతున్నా ఆగలేదు. ఫోనులో చూస్తే నిజంగానే ఏదో కంటికి కనపడనిది గడ్డిలోంచి ఉరికొస్తున్నట్టుంది. 1981 నాటి 'ఈవిల్ డెడ్'లో శామ్ రైమీ చేసింది కూడా ఇదే. అమెరికాలో టెన్నెసీ అడవుల్లో కెమెరాను చెక్కకు బిగించి ఇద్దరు మనుషులతో పరిగెత్తించాడు, కుర్రవాళ్లు అప్పులూ చందాలూ పోగేసి తీసిన సినిమా అది. మావాళ్లు ఆ సినిమా చూశారు గానీ ఆ షాట్ ఎట్లా తీశారో నేను చెప్పేదాకా వాళ్లకు తెలియదు. డబ్బు లేకపోతే బుర్ర వెళ్లే దారి ఎక్కడైనా ఒకటేనేమో.

నెత్తురు సంగతి ఇంకా బాగుంది. బోరు వేస్తే నీళ్లకు బదులు నెత్తురు చిమ్మే సీన్ ఉంది. పంచదార పాకం పట్టి, మిఠాయిల్లో వేసే ఎర్ర రంగు కలిపి, మరీ షర్బత్‌లా మెరవకుండా చిటికెడు కాఫీ పొడి వేశారు. దాన్ని చేలో మందు కొట్టే పంపులో (కొత్తదే, ఇంకా మందు పోయనిది) పోసి కొడితే పాకం చిక్కబడి నాజిల్ మూసుకుపోయింది. వేడినీళ్లు పోసి పలచన చేస్తే రంగు పోయింది. మళ్లీ రంగు, మళ్లీ పాకం. చివరికి నాజిల్ తీసేసి, డ్రిప్పు పైపు ముక్క పెట్టి కొట్టారు, అప్పుడు లేచింది చూడండి నెత్తురు! లైటు పట్టుకున్న నా మీద కూడా పడింది. కాసేపటికి చీమలు పట్టాయి, బోరు గుంట చుట్టూ బారులు తీరిన ఆ చీమలను మా కెమెరా పిల్లాడు వదలకుండా దగ్గరగా తీశాడు. ఏ ఎఫెక్ట్స్ కంపెనీకి కోట్లు పోసినా ఆ షాట్ రాదు.

ఇట్లాంటి సినిమాలను "చెత్తగా ఉంటాయి కాబట్టే బాగుంటాయి" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. చెత్త అనుకుని నవ్వేవాడు సగమే చూస్తున్నాడు. పీటర్ జాక్సన్ పేరున్న దర్శకుడు కాకముందు న్యూజిలాండ్‌లో దోస్తులతో కలిసి సెలవు దినాల్లో ఏళ్ల తరబడి 'బ్యాడ్ టేస్ట్' తీశాడు, అందులో గ్రహాంతరవాసుల ముసుగులను వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌లోనే కాల్చి చేశాడు. 1987లో వచ్చిన ఆ సినిమాలో ముసుగులు ముసుగుల్లాగే కనిపిస్తాయి. అయినా వాటిని చేసినవాడి ఉత్సాహం తెర దాటి వచ్చి మనల్ని అంటుకుంటుంది. జపాన్‌లో షినిచిరో ఉయెదా 2017లో దాదాపు 30 లక్షల యెన్‌లతో 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' తీశాడు. మొదట 37 నిమిషాలు ఒక్క కట్ లేకుండా నడిచే జాంబీ సినిమా. అందులో నటులు ఎందుకో ఆగిపోతారు, అడిగిన మాటే మళ్లీ అడుగుతారు, ఏంటీ గోల అనిపిస్తుంది. తర్వాత ఆ 37 నిమిషాల వెనక ఎవరెవరు ఏ తిప్పలు పడ్డారో చూపిస్తాడు, అప్పుడు మనం నవ్వే నవ్వు వేరు. నాకు ఈ రకం సినిమాల్లో ఇష్టమైనదంతా అక్కడుంది: తీసినవాళ్ల చేతులు కనపడతాయి, కనపడుతున్నా భయం వేస్తుంది.

మన దగ్గర ఇది కొత్తదేమీ కాదు. చిందు భాగవతంలో రాక్షసుడి వేషం కట్టినవాణ్ణి పొద్దున చాయ్ హోటల్ దగ్గర చూసే ఉంటాం, రాత్రి వాడు కత్తి తిప్పుతూ రంగంలోకి దూకితే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరతారు.

ఆ రాత్రే దాన్ని కళ్లారా చూశాను. షూటింగ్ మధ్యలో, అప్పటిదాకా ఎడిట్ చేసిన ముక్కను అద్దె ప్రొజెక్టరుతో సున్నం వేసిన గోడ మీద వేశారు. దయ్యం వేసింది ఊరి టైలరు, మొహానికి బియ్యప్పిండి, నీలిమందు పూసుకుని జనం మధ్యలోనే కూచుని ఉన్నాడు. అయినా గోడ మీద గొంగడి కదలగానే పిల్లలు అతని మీదే పడి అరిచారు! "కరెంటొచ్చిందా?" అనగానే మాత్రం ముసలివాళ్లు విరగబడి నవ్వారు. నా పక్కన కూచున్న అవ్వ కళ్లు తుడుచుకుంటూ, "మా ముసలాయనను గిట్లనే మోటరు కాడ పాము కరిచింది బిడ్డా, బతికిండు గని రెండోనాడు మల్ల పోయిండు, పొలం ఎండుతదని" అంది. ఆమె నవ్వుతూనే చెప్పింది. పట్నం బంగళాల్లో తెల్లచీర దయ్యాలను చూసి ఆమె ఇట్లా నవ్వదు, ఇట్లా భయపడదు కూడా. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక తెలుగులో హారర్ కామెడీలు వరసగా వచ్చాయి, చాలావాటిలో అదే ఇల్లు, అదే పూనకం, అదే దడుసుకునే కమెడియన్. అవీ చూశాను. వీళ్ల దయ్యానికి మాత్రం ఒక ఊరుంది, ఒక సర్వే నంబరుంది, ఎండిన బోరుంది.

పొద్దున్నే జొన్నరొట్టె తిని బయల్దేరుతుంటే టైలరు మా అల్లుడితో గట్టిగా వాదిస్తున్నాడు. సినిమా మొత్తంలో ఒక్క డైలాగేనా, దయ్యానికి పెండ్లాం పిల్లలు యాదికి రారా అని అడుగుతున్నాడు. మా అల్లుడు మొదట కుదరదన్నాడు, తర్వాత పెన్ను తీశాడు. నేను కూడా బస్సు వదిలేసి పక్కన కూచున్నాను, ఎందుకంటే టైలరు అడిగింది న్యాయం.